ముప్పై రాత్రుల సంతకాలు

లూబుక్ సిలాసి, పయకుంబూ దగ్గర
రంజాన్ 3

జమాలుస్ మామయ్యకి,

నీ మేనకోడలు ఎఫ్రీదా సలాం చెప్పి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. సురబయాలో నువ్వూ నీ అన్నం హోటలూ క్షేమమని తలుస్తాను. ఈ నాలుగు ముక్కలూ అమ్మ పక్కన నిలబడి రాయించింది. అమ్మ వంటింట్లోకి వెళ్లింది కాబట్టి ఇక్కణ్ణుంచి నేనే రాస్తున్నాను.

నేనిప్పుడు ఐదో తరగతి. ఐదుకి వస్తే బడిలో రంజాన్ పుస్తకం ఇస్తారు. ముప్పై రోజులకి ముప్పై పేజీలు. ఉపవాసం ఉన్నావా, ఎన్ని పూటలు నమాజు చేశావు, ఖురాన్ ఎంత చదివావు, అన్నిటికీ గడులున్నాయి. అన్నిటికన్నా పెద్ద గడి రాత్రి తరావీ నమాజుది. అక్కడ విన్న ఉపన్యాసం నాలుగు వాక్యాల్లో రాయాలి, కింద ఇమాం గారి సంతకం పెట్టించుకోవాలి. సంతకం లేని పేజీ లెక్కలోకి రాదు. పుస్తకం వెనక ఇంకా పనులున్నాయి. చంద్రుడు ఏ రోజు ఎంత లావయ్యాడో బొమ్మ గీయాలి. పండగ ముందు పేదవాళ్లకి ఇచ్చే బియ్యం మన ఇంట్లో ఏడుగురికి ఎన్ని కిలోలో లెక్క కట్టాలి. ఇఫ్తారుకి తినే కోలక్ పాయసం ఎలా చేస్తారో కొలతలతో రాయాలి. కొబ్బరిపాలు ఎన్ని, తాటిబెల్లం ఎంత అని అడిగితే అమ్మమ్మ, "కంటితో చూసి వేస్తాం. కొలిచి పొయ్యడానికి అదేమన్నా దగ్గు మందా?" అంది. నేను అదే రాసేశాను.

మా మాస్టారు కొత్తాయన. పేరు హెండ్రిజాన్. చొక్కా జేబులో రెండు పెన్నులుంటాయి, ఒకటి ఎప్పుడూ ఎర్రసిరాదే. అందరిలోకీ మంచి పుస్తకాన్ని జిల్లా విద్యాశాఖ వాళ్ల ప్రదర్శనకి పంపుతానన్నారు. అది నాదే అవ్వాలని నా కోరిక.

మా తరగతిలో చాలామంది పెద్ద మసీదుకి పోతున్నారు. అక్కడ తరావీ ఎనిమిది రకాతులే, ఎనిమిదిసార్లు వంగి లేస్తే అయిపోతుంది. మైకుంది, ఫ్యాన్లున్నాయి. పిల్లల పుస్తకాలన్నీ గుట్టగా పెడితే కాపలాదారు టపటపా రబ్బరు ముద్రలు వేసి ఇచ్చేస్తాడు. నేను సగం నమాజులో ఉండగానే మా తరగతి యెన్నీ ఇంటికెళ్లి టీవీ ముందు కూర్చుంటుంది. నన్ను మాత్రం అమ్మమ్మ చేపల చెరువు పక్కనున్న మన చిన్న నమాజు గది సూరావుకే లాక్కుపోతుంది. అక్కడ మాలిన్ తాత ఇమాం. ఇరవై రకాతులకి ఒక్కటి తగ్గదు. ఆయన సంతకం పెట్టే ముందు "ఈ రాత్రి నేనేం చెప్పాను?" అని అడుగుతారు. చెప్పలేకపోతే పెట్టరు. నిన్న రాత్రి నాకు నిద్ర పట్టేసింది. ఏం చెప్పారో తెలియదన్నాను. "అయితే అదే రాయి" అన్నారు. 'నిద్రపోయాను' అని రాశాను. దానికి సంతకం పెట్టారు.

ఇంకో పని. ఇంటి పెద్దల్లో ఒకర్ని 'మీ చిన్నప్పుడు రంజాన్ ఎలా ఉండేది?' అని అడిగి జవాబు రాయాలి. నాన్నని అడుగుదామంటే, "నేను ఈ ఇంటికి వచ్చిన అల్లుణ్ణి తల్లీ, ఈ ఇంటి పెద్ద మీ మామయ్య" అన్నారు. అందుకని నిన్ను అడుగుతున్నాను. నిజమే రాయి. అబద్ధమైతే అమ్మమ్మకి తెలిసిపోతుంది.

నీ మేనకోడలు
ఎఫ్రీదా

---

సురబయా
రంజాన్ 9

చిరంజీవి ఎఫ్రీదాకి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇఫ్తారు అయ్యాక హోటల్లో మనవాళ్లు పదిమంది చేరారు. కోలక్ కొలతల దాకా చదివి వినిపించాను. మా అమ్మ నోరు ఇంకా అంత పదునుగానే ఉందని అందరూ సంతోషించారు. ఈ నెలంతా పగలు హోటలుకి తెర కట్టి, మధ్యాహ్నం రెండింటికి పొయ్యి వెలిగిస్తున్నాం. రెండాంగ్ మాంసం ఉడుకుతుంటే ఆ వాసనకి ఉపవాసం ఉండటమంటే ఏమిటో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

నీ ప్రశ్నకి జవాబు. నీ వయసులో నేను ఉపవాసాలన్నీ ఉన్నానని ఊరంతా చెప్పుకునేది. మధ్యాహ్నం నమాజుకి ముందు చేతులూ ముఖమూ కడుక్కునేటప్పుడు నోరు పుక్కిలించాలి కదా. నా పుక్కిలింతల్లో సగం నీళ్లు బయటికి వచ్చేవి కావు. ఒకరోజు మాలిన్ గారు నా వెనకే నిలబడి అంతా చూసి, "జమాలుస్, నమాజుకి మూడుసార్లు పుక్కిలిస్తే చాలు. నువ్వు తొమ్మిదిసార్లు చేశావు. మిగతా ఆరూ ఎవరి కోసం?" అన్నారు. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు సాయంత్రం ఖర్జూరం మొదట నా చేతిలోనే పెట్టారు. ఆ తర్వాత నేను మళ్లీ ఆ పని చేయలేదు. ఇది రాసుకో, పేరు కూడా రాసుకో. నాకు సిగ్గు లేదు.

మొదటి పుస్తకం నీదేనని ఇక్కడ అందరికీ చెప్పేశాను. నలుగురు మేనకోడళ్లున్నా, పుస్తకం పట్టిన మేనకోడలు ఒక్కతే అని మీసం తిప్పుకుంటున్నాను. ఇక్కడి పిల్లల్ని చూస్తే తల తిరుగుతుంది. మా సందు మసీదు ముందు ఒకడు అందరి సంతకాలూ తనే పెట్టేస్తాడు, ఒక్కో పేజీకి ఒక్కో అరటికాయ బజ్జీ వసూలు చేస్తాడు. నువ్వు అలాంటి పన్లు చెయ్యవని నాకు తెలుసు.

మీ మామయ్య
జమాలుస్

---

లూబుక్ సిలాసి
రంజాన్ 11

మామయ్యా,

ఎప్పట్లా ఈ ఉత్తరం కూడా అందరి ముందూ చదవకు.

ఇవాళ హెండ్రిజాన్ మాస్టారు పది రోజుల పేజీలూ చూశారు. నాకు ఎర్రసిరాతో రాశారు. 'సంతకాలు నమ్మదగ్గవిగా లేవు. ఇంటి పెద్ద వచ్చి మాట్లాడాలి' అని. తరగతిలో అందరి ముందూ నా పుస్తకం ఎత్తి చూపించారు. యెన్నీ నా వైపు చూడలేదు.

అమ్మ నాన్నని వెళ్లమంది. నాన్న, "పిల్ల పరువు సంగతి. బావగారు బతికుండగా నేను వెళ్లి మాట్లాడితే ఆయన్ని కాదన్నట్టు ఉంటుంది" అన్నారు. అమ్మమ్మ కూడా అదే సరి అంది. కాబట్టి నువ్వు మాస్టారికి ఒక ఉత్తరం రాయాలి. ఏమని రాయాలో మాత్రం నేను చెప్పలేను. అమ్మమ్మ చెప్పొద్దంది. నన్ను ఏమీ అడక్కుండా, ఎఫ్రీదా మంచి పిల్ల అని ఒక్క ముక్క రాసి పంపు.

ఎఫ్రీదా

---

సురబయా
రంజాన్ 16

ఎఫ్రీదాకి,

నీ ఉత్తరం చదివినప్పట్నుంచీ సహరీలో ముద్ద దిగడం లేదు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఏమని రాయాలో చెప్పలేను, నన్నేమీ అడక్కు అంటే నేను ఏమనుకోవాలి? పైగా అమ్మమ్మ చెప్పొద్దందట. మా అమ్మ సంగతి నాకు తెలియదా? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని, మనవరాళ్లు ఏం చేసినా కొంగు కప్పుతుంది. పోయినసారి మీ పెద్దక్క పింగాణీ పళ్లెం పగలగొడితే పిల్లి మీదికి తోసింది ఆవిడే.

ఇరవై రకాతులు చేసి కాళ్లు పీకి, నిద్ర ముంచుకొచ్చి, ఓ రెండు రాత్రులు ఎగ్గొట్టి ఉంటావు. సంతకాలు నువ్వే గీకి ఉంటావు. చిన్నపిల్లవి. నేను నీ వయసులో నీళ్లు మింగినవాణ్ణే. కానీ నేను దొరికిపోయింది మాలిన్ గారికి. నువ్వు దొరికిపోయింది బడిలో, నలభై మంది పిల్లల ముందు. రేపు ఊళ్లో జమాలుస్ మేనకోడలు దొంగ సంతకాలు పెట్టిందట అంటారు. దూరాన ఉన్న మేనమామ పిల్లల్ని గాలికొదిలేశాడంటారు. ఆ మాట నేను పడలేను.

అందుకని ఒక ఏర్పాటు చేశాను. ఇక్కడి విద్యాశాఖ పుస్తకం కూడా అచ్చం మీ దాని లాంటిదే. కొత్తది ఒకటి కొన్నాను. మా సందు మసీదులో ఉపన్యాసం చెప్పే పెద్దమనిషి రోజూ మన హోటల్లోనే ఇఫ్తారు చేస్తాడు. ఆయన కాదనలేక ముప్పై పేజీలకీ సంతకం పెట్టి ఇచ్చాడు. ముప్పయ్యీ ఒక్కలా, ముత్యాల్లా ఉన్నాయి. పార్సెల్లో పంపుతున్నాను. నీ ఉపన్యాసాలు ఇందులోకి ఎత్తి రాసుకో. పాత పుస్తకం తడిసిందని, సంతకాలు మళ్లీ పెట్టించుకున్నానని చెప్పు. పాతది పొయ్యిలో పెట్టెయ్యి.

కోపంతోనే రాశాను. ప్రేమ లేక కాదు.

జమాలుస్

---

లూబుక్ సిలాసి
రంజాన్ 21

మామయ్యకి,

ఇది నువ్వు ఒక్కడివే చదువుకోవాలి. హోటల్లో కాదు, గదిలో తలుపేసుకుని.

నీ పార్సెల్ ఇవాళ వచ్చింది. కొత్త బట్టలేమో అని అందరం చుట్టూ చేరాం. అమ్మమ్మ విప్పింది. పుస్తకం తెరిచి ముప్పై సంతకాలూ చూసి, "నువ్వు ఉత్తరం రాసిన రోజుకి ఇంకా పదిహేడో రాత్రే రాలేదు కదరా జమాలుస్. ఆలు లేదు చూలు లేదు, ఇరవై ఆరో రాత్రి ఉపన్యాసానికి సంతకం అప్పుడే పడిపోయిందా?" అని నువ్వు ఎదురుగా ఉన్నట్టే అడిగింది. మూసి నా చేతిలో పెట్టింది. పుస్తకం ఈ ఉత్తరంతోనే తిరిగి పంపుతున్నాను. నాకు అక్కర్లేదు.

నేను సంతకాలు పెట్టలేదు మామయ్యా. ఒక్కటి కూడా పెట్టలేదు. ఒక్క రాత్రి కూడా ఎగ్గొట్టలేదు.

మాలిన్ తాతకి పోయినేడు నుంచి చెయ్యి వణుకుతోంది. నీకు తెలియదు, మాకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆయన పెన్ను పట్టుకుని, కుడి మణికట్టుని ఎడమ చేత్తో బిగించి, మోకాలి మీద ఆన్చి రాస్తారు. ఆయన రాసేది పాతకాలం అరబ్బీ అక్షరాలు. ఒకరోజు ఆకారం బాగా వస్తుంది, ఒకరోజు చివరి అక్షరం పేజీ అంచు దాటిపోతుంది, ఒకరోజు పురుగు పాకినట్టు ఉంటుంది. పది పేజీల్లో పది రకాలు. మాస్టారికి ఆయనెవరో తెలియదు. చూస్తే ఎవరైనా చిన్నపిల్ల గీకిందనే అనుకుంటారు.

సూరావులో ఆయన దగ్గర సంతకం పెట్టించుకునేది మేము ఆరుగురం పిల్లలమే. మిగతా ఐదుగురూ చిన్న తరగతుల వాళ్లు, వాళ్లకి పుస్తకం లెక్కలోకి రాదు, సరదాకి నోటుబుక్కులు తెచ్చుకుంటారు. ఊరి పెద్దలు కొందరు సూరావు తరావీ ఆపేసి అందర్నీ పెద్ద మసీదులో కలిపెయ్యాలంటున్నారు. ముసలాయన ఇంకెన్నాళ్లు చేయిస్తాడు, మైకు పట్టగల కుర్ర ఇమాం ఉన్నాడు కదా అని. చెయ్యి సంగతి తెలిస్తే అదే సాకు అవుతుంది. అందుకే రెండో రాత్రి తాత అమ్మమ్మతో, "చూశావుగా. నలుగురికీ తెలియనివ్వకు" అన్నారు. ఆయన ఎవర్నీ ఏమీ అడిగే మనిషి కాదు. అమ్మమ్మ నా ముఖం చూసింది. నేను తల ఊపాను.

నేను మాస్టారికి ఎలా చెప్పను? నా పేరు బాగుపడితే ఆయన పీట పోతుంది. నీకైనా మొదటే ఎందుకు చెప్పలేదంటే, నువ్వు నా ఉత్తరాలు మనూరి వాళ్లందరికీ చదువుతావు. వాళ్లు పండగకి ఊరొస్తారు.

నువ్వు మాస్టారికి ఏమీ రాయకు. సున్నా ఇస్తే ఇవ్వనీ. రోజూ వెళ్తున్నాను, రోజూ సంతకం పెట్టించుకుంటున్నాను. ప్రదర్శన ఆశ వదిలేశాను.

ఒక్క మాట. మాలిన్ తాత నువ్వు నీళ్లు మింగడం కళ్లతో చూసి కూడా ముందు నిన్ను అడిగారు. నువ్వు నన్ను అడగలేదు.

ఎఫ్రీదా

---

సురబయా
రంజాన్ 26

(అమ్మా, ఈ కవరు పండగ పొద్దున దాని చేతికియ్యి. ముందు విప్పనివ్వకు.)

అమ్మాయీ ఎఫ్రీదా,

నీ ఉత్తరం తలుపేసుకునే చదివాను. ఆ రోజు హోటలు తెరవలేదు. ఒంట్లో బాగా లేదని చెప్పాను. అదొక అబద్ధం, కానీ దానికి ఎవరి సంతకమూ అడగలేదు.

నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను. మొదటిదాంట్లో నిన్నే మళ్లీ తిట్టాను, ముందే ఎందుకు చెప్పలేదని. మేనమామ బుద్ధి ఎక్కడికి పోతుంది. రెండోది మీ మాస్టారికి రాశాను, ఆరు పేజీలు, మాలిన్ గారి పేరుతో సహా. పోస్టు డబ్బా దాకా వెళ్లి, నువ్వు వద్దన్నావని గుర్తొచ్చి వెనక్కొచ్చాను. మిగతా రెండింట్లో ఏం రాశానో చెప్పను.

ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో పొట్ట పోసుకుంటున్నాను. దూరం నుంచి పెద్దరికం చెయ్యడం తేలిక అనుకున్నాను. పండక్కి బట్టలు, బడికి జీతం పంపిస్తే అయిపోయిందనుకున్నాను. నీ మీద నింద పడిందని తెలిసిన రోజు, నువ్వు ఆ పని చేశావా లేదా అని నాకు పట్టలేదు. ఊళ్లో ఏమనుకుంటారన్నదే పట్టింది. దొంగ సంతకాలు పెట్టింది నువ్వు కాదు, నేను. ముప్పై. అందులో పద్నాలుగు ఇంకా రాని రాత్రులకి. ఆ పెద్దమనిషికి నిన్న నిజం చెప్పాను. ఆయన తల గోక్కుని, "రెండాంగ్ పెట్టి అడిగితే ఎవరైనా పెడతారు జమాలుస్" అన్నాడు. ఇద్దరం కలిసి ఆ పుస్తకం పొయ్యిలో పెట్టాం.

నీకు సున్నా వస్తే రానీ. ఆ సున్నా గురించి ఈ హోటల్లో గొప్పగా చెబుతాను. కారణం చెప్పను, నువ్వు వద్దన్నావు కదా. నా మేనకోడలికి సున్నా వచ్చింది, అలాంటి సున్నా మీ ఇళ్లలో ఎవరికీ రాదు అంటాను. పిచ్చివాడనుకుంటారు. అనుకోనీ. పదకొండేళ్ల పిల్ల ఒక ముసలాయన పరువు కోసం తన పరువు వదులుకుంది. నాకు నలభై ఏడు, నేను అలాంటి పని ఒక్కటీ చేసి ఎరగను. గర్వంగా ఉంది. ఆ గర్వంలో నాకు వాటా లేదని తెలిసినా ఉంది.

పండగ రోజు చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతులు పట్టుకుని, తెలిసీ తెలియక చేసిన తప్పులకి క్షమాపణ అడుగుతారు. నువ్వూ ప్రతి ఏడూ ఉత్తరంలో నన్ను అడుగుతావు. ఈ ఏడు నువ్వు అడగొద్దు. నేను అడుగుతున్నాను. పైకి చేసిన తప్పుకీ, మనసులో అనుకున్న తప్పుకీ, రెండింటికీ నన్ను క్షమించమ్మా.

జమాలుస్

---

లూబుక్ సిలాసి
షవ్వాల్ 10

మామయ్యకి సలాం.

పండగై తొమ్మిది రోజులైంది, ఆలస్యానికి కోప్పడకు. బడి తెరిచేదాకా ఆగి రాయాలనుకున్నాను, ఎందుకో చివర్లో తెలుస్తుంది. అసలు నీ ఉత్తరం బయల్దేరే సరికే ఇక్కడ కథ మారిపోయింది. నీకు తెలియకపోవడమే నయమైంది.

ఇరవై మూడో రాత్రి సూరావులో సంతకం కోసం కూర్చున్నాం. తాత నా పుస్తకం తిరగేస్తుంటే వెనకటి పేజీ తెరుచుకుంది. "ఈ ఎర్రటిదేమిటి?" అన్నారు. "బాగుందని రాశారు తాతా" అన్నాను. నా పక్కనున్న మూడో తరగతి పిల్ల సూసీ, అప్పుడే చదవడం వచ్చిన ఉత్సాహంలో, గట్టిగా చదివేసింది. 'సంతకాలు నమ్మదగ్గవిగా లేవు. ఇంటి పెద్ద వచ్చి మాట్లాడాలి.' తాత పెన్ను తీసుకున్నారు. సంతకం పెట్టారు. పుస్తకం మూసి రెండు చేతులతో నాకిచ్చారు.

మర్నాడు సెలవులకి ముందు ఆఖరి బడి. రెండో గంట కొట్టాక గుమ్మంలో ఎవరో దగ్గారు. చూస్తే మాలిన్ తాత. నల్ల టోపీ, పండక్కి కట్టే లుంగీ, చేతిలో గొడుగు. మాస్టారు లేచి ఎవరండీ అని అడిగారు. తాత, "ఈ పిల్ల మీద ఫిర్యాదు ఉందట. పెద్దవాళ్లని రమ్మన్నారట. దాని మేనమామ సురబయాలో ఉన్నాడు. వాడికి అక్షరాలు దిద్దించింది నేనే. వాడి బదులు వచ్చాను" అన్నారు.

మాస్టారు కుర్చీ వేశారు. తాత కూర్చోలేదు. సుద్దముక్క అడిగారు. బోర్డు మీద తన పేరు రాశారు. మణికట్టు పట్టుకుందామంటే ఎడమ చేతిలో గొడుగుంది, దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకి తోచలేదు. అందుకని ఒంటి చేత్తోనే రాశారు. సుద్ద విరిగింది. ఇంకో ముక్క తీసుకుని మళ్లీ రాశారు. మళ్లీ రాశారు. మూడు పేర్లు, మూడు రకాలు. మూడోది నా ఏడో రాత్రి పేజీలో ఉన్నట్టే ఉంది. నలభై మందిమీ చూశాం.

"నా చెయ్యి నా మాట వినడం లేదు మాస్టారూ. ఈ పిల్ల వింది. చెప్పొద్దంటే చెప్పలేదు. ఇప్పుడు నేనే చెబుతున్నాను, రాసుకోండి" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను. మాస్టారు వెళ్లి తాత చెయ్యి తీసుకుని నుదుటికి ఆన్చుకున్నారు. క్షమించమని అడిగారు. ఆయన్ని గేటు దాకా దింపి వచ్చారు. నన్ను మాత్రం ఏమీ అనలేదు. "కూర్చో ఎఫ్రీదా" అన్నారంతే. తర్వాత మిగతా పుస్తకాలన్నీ మళ్లీ తెప్పించుకుని చూశారు. పెద్ద మసీదు ముద్రలున్న పుస్తకాల్లో పదకొండింట్లో ప్రతి రాత్రీ ఉపన్యాసం ఓర్పు గురించే ఉంది. "ఇరవై మూడు రాత్రులూ ఓర్పేనా? విన్నవాళ్లకి చాలా ఓర్పు ఉండాలే" అన్నారు. యెన్నీ బల్ల కిందికి దూరిపోయింది.

తాత చెయ్యి సంగతి ఆ సాయంత్రానికే ఊరంతా పాకింది. నేను భయపడినట్టే ఇరవై ఏడో రోజు సూరావులో పెద్దలు కూర్చున్నారు. ముసలాయనకి విశ్రాంతి ఇద్దామని ఒకరు మెత్తగా మొదలుపెట్టారు. ఆడవాళ్ల వైపు నుంచి అమ్మమ్మ లేచి నిలబడింది. నీకు తెలుసుగా, సభలో అమ్మమ్మ నోరు విప్పగా నేనెప్పుడూ చూడలేదు. "ఆయన వెనక నలభై ఏళ్లు నమాజు చేశాను. చెయ్యి వణికితే ఏమైంది? చేత్తో చదువుతున్నాడా ఖురాన్? గొంతు వణికిన రోజు నేనే వచ్చి చెబుతాను, అప్పుడు తీసెయ్యండి" అంది. కూర్చుంది. విశ్రాంతి మాట అక్కడితో ఆగిపోయింది. ఆ రాత్రి సూరావులో చాప చాలలేదు. హెండ్రిజాన్ మాస్టారు కూడా వచ్చారు. పన్నెండో రకాతు దగ్గర ఆయన మోకాళ్లు పట్టుకోవడం నేను చూశాను, కానీ ఇరవయ్యీ చేశారు.

ఇరవై తొమ్మిదికే నెలవంక కనిపించింది. అందరి పుస్తకాల్లోనూ ముప్పయ్యో పేజీ ఖాళీ. నీ పెద్దమనిషి మాత్రం ఆ లేని రాత్రి కూడా ఉపన్యాసం చెప్పాడు. అమ్మమ్మ ఇది తలుచుకుని వెదురు గొట్టాల్లో లమాంగ్ అన్నం కాలుస్తూ ఒక్కతే నవ్వుకుంది. నీ మీద కోపం పోయిందని దానివల్లే తెలిసింది.

నిన్న బడిలో మార్కులు వచ్చాయి. నాకు పదికి ఎనిమిది. నిద్రపోయాను అని రాసిన మూడు పేజీలకి కలిపి ఒకటి తగ్గించారు, కోలక్ కొలతలకి ఒకటి. ప్రదర్శనకి మా తరగతి విర్దా పుస్తకం వెళ్తుంది. దాని చంద్రుడి బొమ్మలు నిజంగానే నా వాటికన్నా బాగున్నాయి. కొంచెం బాధపడ్డాను. అబద్ధం ఎందుకు.

పండగ పొద్దున నమాజు నుంచి రాగానే అమ్మమ్మ నీ కవరు ఇచ్చింది. అరుగు చివర కూర్చుని చదువుకున్నాను. ఏముంది ఏముంది అని అమ్మ మూడుసార్లు అడిగింది. చెప్పలేదు.

రంజాన్ పుస్తకంలో పండగ రోజుకి కూడా ఒక పేజీ ఉంది. 'ఎవరెవర్ని క్షమాపణ అడిగావు? వాళ్లేమన్నారు?' అని రెండు గడులు. మొదటి గడిలో అమ్మ, నాన్న, అమ్మమ్మ, మాలిన్ తాత, అక్కలు అని రాశాను. నీ పేరు ఎక్కడ రాయాలో తెలియలేదు. నిన్ను నేను అడగలేదు, నువ్వు అడగొద్దన్నావు. నువ్వే నన్ను అడిగావు. పిల్లల్ని ఎవరు అడిగారు అనే గడి పుస్తకంలో లేదు. అలా జరగదని అచ్చువేసినవాళ్లు అనుకుని ఉంటారు. అందుకని స్కేలు పెట్టి కింద ఖాళీలో నేనే ఒక గడి గీశాను. 'నన్ను అడిగినవాళ్లు' అని పేరు పెట్టి, 'మా మామయ్య' అని రాశాను. పక్కన 'క్షమించాను' అని రాయబోతే అమ్మమ్మ చూసి, పెద్దవాళ్ల గురించి అలా రాయకూడదంది. అయినా రాశాను. అది నిజం కాబట్టి.

నిన్న బడి తెరిచాక మాస్టారు ఒక్కొక్కర్నీ బల్ల దగ్గరికి పిలిచి పుస్తకాలు చూశారు. నా పండగ పేజీ దగ్గర ఆగారు. ఈ గడి ఎవరు గీశారని అడిగారు. నేనేనండీ, తప్పయితే కొట్టేస్తాను అన్నాను. ఆయన జేబులోంచి ఎర్రసిరా పెన్ను తీశారు, మళ్లీ లోపల పెట్టేశారు. "నీ పెన్ను ఇలా ఇవ్వు" అన్నారు. ఇచ్చాను. "ఇందులో ఇంకొకరికి చోటుందా?" అని అడిగి, నేను ఉందండీ అన్నాక, నీ పేరు కింద ఆయన పేరు రాశారు.

నీ మేనకోడలు
ఎఫ్రీదా